వైఫై కార్డు మార్చే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చుకోవడం గురించి బెంగళూరులోని తెలుగు పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. ఈ మధ్య మూత దగ్గర హింజ్ విరిగితే ఇంటికి దగ్గరలోని దుకాణంలో బాగు చేయించాము. అప్పటి నుంచి రౌటర్ ఉన్న హాలులో వైఫై బాగానే వస్తోంది గానీ, పడకగదిలోకి తెచ్చేసరికి సిగ్నల్ ఒక గీతకు పడిపోతోంది. అదే గదిలో మావారి ఫోనులో సిగ్నల్ నిండుగా ఉంటుంది. దుకాణం ఆయన కార్డు పోయిందనీ, కొత్తది వేయాలనీ అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: అప్పుడే వేయించకండమ్మా. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే కార్డు కంటే యాంటెన్నా వైర్ల మీదే నాకు అనుమానం ఎక్కువగా ఉంది. కొత్త కార్డుకు డబ్బు పెట్టే ముందు వాటిని చూపించండి.

వైఫై కార్డు కీబోర్డు కింద మదర్‌బోర్డు మీద ఉంటుంది గానీ, దాని యాంటెన్నాలు చాలా నమూనాలలో మూత పైభాగంలో, తెర అంచు వెనుక ఉంటాయి. కార్డు నుంచి బయలుదేరిన రెండు సన్నని వైర్లు, సాధారణంగా ఒకటి నలుపు, మరొకటి తెలుపు లేదా బూడిద రంగు, హింజ్ పక్కనుంచే మూతలోకి వెళతాయి. హింజ్ విరిగినప్పుడు ఆ లాగుడుకు వైరు తెగి ఉండవచ్చు. మూతను తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్ కింద పడి నలిగి ఉండవచ్చు. లేదా మూత విడదీయడం కోసం కార్డు మీద నుంచి ఊడదీసిన కనెక్టరును మళ్లీ పెట్టడం మరిచిపోయి ఉండవచ్చు. పెట్టినా అది సగమే కూర్చుని ఉండవచ్చు. యాంటెన్నా అందకపోయినా కార్డు పూర్తిగా మూగబోదు. రౌటర్ కొన్ని అడుగుల దూరంలో ఉంటే, ఆ ఊడిన కనెక్టరు దగ్గర దొరికే కాస్త సిగ్నల్‌తోనే నెట్ నడిచిపోతుంది. మధ్యలో ఒక గోడ అడ్డం వచ్చేసరికి చతికిలపడుతుంది. మీ హాలుకూ పడకగదికీ మధ్య కనిపిస్తున్న తేడా సరిగ్గా ఈ తీరులోనే ఉంది.

కార్డే పాడైనప్పుడు సూచనలు వేరుగా ఉంటాయి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ల కింద చూస్తే కార్డు పేరే ఉండదు, ఉన్నా పక్కన పసుపు గుర్తుతో కోడ్ 10 వంటి లోపం చూపుతుంది, లేకపోతే రౌటర్ పక్కన కూర్చున్నా కొద్ది నిమిషాలకొకసారి నెట్ తెగిపోతుంది. ఇలా జరిగినప్పుడు కూడా వెంటనే కార్డును తప్పుపట్టనక్కర లేదు. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైటులో ఆ నమూనాకు ఇచ్చిన డ్రైవరును, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ వేసి చూడాలి. తరువాత యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జరు తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం పాటు నొక్కి పట్టుకుని, తిరిగి ఆన్ చేయాలి. కనపడకుండా పోయిన కార్డు ఈ ఒక్క పనితో తిరిగి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇంట్లోనే మీరు చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. పడకగదిలో ల్యాప్‌టాప్ పక్కనే మీ వారి ఫోను పెట్టి, అందులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి అరగంట వాడి చూడండి. జానెడు దూరంలో ఎడతెగకుండా నడిచి, ఫోనును పక్క గదిలోకి తీసుకువెళ్లగానే నీరసపడితే, కార్డు పని చేస్తోందనీ లోపం యాంటెన్నా దారిలో ఉందనీ దాదాపుగా తేల్చుకోవచ్చు.

ఆ తరువాత దుకాణానికి వెళ్లి మీ ఎదురుగానే కింది మూత తీయమని అడగండి. కార్డు మీద ఒక అంచున ఆవగింజ కంటే కాస్త పెద్దవైన రెండు గుండ్రని లోహపు రింగులు ఉంటాయి, వాటి మధ్యలో వెంట్రుకంత సూది ఉంటుంది. వైరు చివరి టోపీ ఆ రింగు మీద సమంగా కూర్చోవాలి. ఒక పక్క పైకి లేచి ఉన్నా, వాలి ఉన్నా అది కూర్చోనట్లే. ఫోను కెమెరాను జూమ్ చేసి ఫొటో తీస్తే కంటికి ఆనని వంపు కూడా కనిపిస్తుంది. టోపీని రింగు మీద నిటారుగా నిలిపి గోరుతో మెల్లగా నొక్కితే చిన్న టిక్కుమనే స్పర్శ చేతికి తెలుస్తుంది. బలం పెట్టవలసి వస్తోందంటే అది సరైన చోట లేదని అర్థం. ఈ కనెక్టర్లు మాటిమాటికీ తీసి పెట్టడానికి చేసినవి కావు. పాత రకమైన యు.ఎఫ్.ఎల్ కనెక్టరుకు తయారీదారు చెప్పే ఆయుష్షే సుమారు 30 సార్లు. అందువల్ల ఏం తేలుతుందో చూద్దామని పదేపదే ఊడదీయనివ్వకండి.

వైరు హింజ్ దగ్గర తెగిపోయిందని తేలితే మొత్తం యాంటెన్నా వైరునే మార్చమనండి. ఆ వైరు లోపల సన్నని రాగితీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆపై లోహపు అల్లిక ఉంటాయి. మామూలు కరెంటు వైరు లాగా రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుడితే వైఫై తరంగాలు ఆ అతుకు దాటి సరిగా సాగవు. తెర అంచు విప్పవలసి రావడం వల్ల కూలి కాస్త ఎక్కువ అడగవచ్చు. అది న్యాయమైన ఖర్చే. వైర్లు రెండూ బాగుండి, కనెక్టర్లు సరిగా కూర్చుని, డ్రైవరు కూడా సరైనదై ఉండి, అప్పటికీ సిగ్నల్ రాకపోతే అప్పుడు కార్డు మార్చండి.

ప్రశ్న: నేను బీటీఎం లేఔట్‌లో పీజీలో ఉంటున్నాను. నా ల్యాప్‌టాప్‌కు 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్కులు మాత్రమే కనిపిస్తాయి. సాయంత్రం అయిందంటే ఆన్‌లైన్ క్లాసు వీడియో ఆగిపోతుంది. కార్డు మార్చుకుందామని ఎస్.పి. రోడ్డులో విచారిస్తే ఏఎక్స్210, ఏఎక్స్211 అని రెండు చూపించారు. పేర్లలో ఒక్క అంకే తేడా. ఏది తీసుకోవాలి? నేనే వేసుకోగలనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీ విషయంలో కార్డు మార్చడం సబబైన ఆలోచనే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. మీ వీధిలో ప్రతి పీజీలోని ప్రతి అంతస్తులో ఉన్న రౌటరూ, బ్లూటూత్ పరికరాలూ, మైక్రోవేవ్ పొయ్యిలూ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. సాయంత్రం అందరూ గదులకు చేరాక మీ వీడియో ఆగిపోవడానికి కారణం అదే కావచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018 అక్టోబరులో ఆ పట్టీలో (బ్యాండ్‌లో) లైసెన్సు అవసరం లేని భాగాన్ని బాగా విస్తరించారు కూడా. అయితే ముందుగా మీ పీజీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఇస్తోందో లేదో మీ ఫోనులో చూసుకోండి. రౌటర్ ఇవ్వనిదాన్ని ఎంత ఖరీదైన కార్డూ పట్టుకు రాలేదు.

ఇక 210, 211 సంగతి. ఇంటెల్ కార్డులలో రెండు జాతులు ఉన్నాయి. ఏఎక్స్200, ఏఎక్స్210 వంటివి పూర్తి కార్డులు. వైఫైకి కావలసిన పని మొత్తం కార్డులోనే జరుగుతుంది, మదర్‌బోర్డుతో వైఫై పీసీఐఈ అనే డేటా దారిలోనూ బ్లూటూత్ యూఎస్‌బీ దారిలోనూ మాట్లాడతాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 వంటివి సగం కార్డులు. ఇంటెల్ సంస్థ సీఎన్‌వీఐ అనే పద్ధతిలో ఆ పనిలో పెద్ద భాగాన్ని తన ప్రాసెసర్ వైపుకు తరలించి, కార్డులో రేడియో భాగాన్ని మాత్రం ఉంచింది. కాబట్టి ఏఎక్స్211 ఆ ఏర్పాటు ఉన్న కొత్త ఇంటెల్ యంత్రాలలో తప్ప పని చేయదు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో, పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అది స్లాటులో చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ యంత్రానికి అది ఉన్నట్టే తెలియదు. కార్డు పాడైనది ఇచ్చారని కొన్నవారూ, పరీక్షించి ఇచ్చామని అమ్మినవారూ వాదులాడుకునేది ఎక్కువగా ఇక్కడే.

2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే కార్డుతో వచ్చిందంటే మీది సీఎన్‌వీఐ యంత్రం కాకపోవచ్చు. మీ స్లాటు ఎం.2 రకమైతే (దాన్ని గుర్తుపట్టే తీరు కింద చెబుతాను) ఏఎక్స్210 తీసుకోండి. అది ఏఎండీ యంత్రాలలోనూ పని చేస్తుంది. దీనికంటే కొత్తదైన వైఫై 7 కార్డు బీఈ200ను కూడా మీకు చూపించవచ్చు. ఏఎండీ ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో అది నడవదు కనుక దాని జోలికి పోకపోవడం మంచిది. ఈ సందర్భంలో వేరే పాఠకులకు ఒక మాట: మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఏఎక్స్201 ఉండి అది చెడిపోతే, దాని స్థానంలో మళ్లీ ఏఎక్స్201నే వేయడం క్షేమం. కొన్ని మదర్‌బోర్డులలో ఆ స్లాటుకు పీసీఐఈ దారి కలిపి ఉండదు. అలాంటి చోట ఏఎక్స్210 వేసినా ప్రయోజనం ఉండదు.

కొనే ముందు మీ ల్యాప్‌టాప్ తెరిచి, పాత కార్డు లేబుల్‌నూ, పక్కన స్కేలు పెట్టి కార్డు మొత్తాన్నీ ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. ఎం.2 కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. 2230 అని రాసేది ఆ కొలతలనే. అంతకు ముందు తరం హాఫ్ మినీ కార్డు 30 మిల్లీమీటర్ల వెడల్పుతో దాదాపు చదరంగా కనిపిస్తుంది. రెండింటికీ స్లాటూ వేరే, యాంటెన్నా కనెక్టరూ వేరే. ఎం.2 కార్డు మీది ఎంహెచ్ఎఫ్4 కనెక్టరు చిన్నది. పాత వైరు టోపీని దాని మీద పెట్టి బలవంతాన నొక్కితే కార్డు మీది రింగు విరుగుతుంది.

యాంటెన్నా వైర్లు ఎన్ని ఉన్నాయో కూడా అప్పుడే చూసుకోండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఒక్క వైరు మాత్రమే ఇచ్చినవి ఉన్నాయి, మీది అలాంటిదే కావచ్చు. ఏఎక్స్210 రెండు యాంటెన్నాల కార్డు. ఒక్క వైరుతోనూ నడుస్తుంది గానీ వేగం సగానికి తగ్గుతుంది. రెండవ యాంటెన్నా లేనందువల్ల బ్లూటూత్ బలహీనపడే అవకాశమూ ఉంది. జిగురుతో అంటించుకునే యాంటెన్నాలు ఎంహెచ్ఎఫ్4 కనెక్టరుతో విడిగా దొరుకుతాయి. లోపల లోహం అడ్డులేని చోట, ప్లాస్టిక్ పక్కన అంటిస్తే సరిపోతుంది.

ఎస్.పి. రోడ్డు దుకాణాలలో కొత్త కార్డులతో పాటు పాత యంత్రాల నుంచి తీసినవీ అమ్ముతారు. పాతవి తీసుకోవడం తప్పు కాదు, ధరలో తేడా గణనీయంగానే ఉంటుంది. అయితే కార్డు చివర స్లాటులో దూరే బంగారు రంగు పళ్ల మీద గీతలు గానీ నల్లదనం గానీ ఉందేమో, గుండ్రని రింగుల మధ్య సూది వంగి ఉందేమో వెలుతురులో చూసి తీసుకోండి. నమూనా పేరు రాసిన బిల్లు అడగండి. పని చేయకపోతే మార్చి ఇస్తారా అన్న మాట అక్కడే తేల్చుకోండి.

మీరే వేసుకోవచ్చు, కష్టమైన పని కాదు. కొత్త కార్డు డ్రైవరును ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవులో పెట్టుకోండి. ఎందుకంటే కార్డు మార్చాక నెట్ రాకపోతే డ్రైవరు తెచ్చుకునే దారి కూడా ఉండదు. యంత్రాన్ని స్లీప్‌లో పెట్టకుండా షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, కింది మూత స్క్రూలు విప్పండి. కొన్ని నమూనాలలో రెండు స్క్రూలు రబ్బరు పాదాల కింద దాగి ఉంటాయి. మూత రావడం లేదని స్క్రూడ్రైవరుతో పెకలించే ముందు అక్కడ చూడండి. మూత తీయగానే చేయవలసిన మొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. స్థిర విద్యుత్తు పోవడానికి ఏదైనా భూస్పర్శ ఉన్న లోహాన్ని ఒకసారి తాకండి. తరువాత యాంటెన్నా వైర్లను, తీగ పట్టుకుని లాగకుండా, టోపీ అంచు కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క పెట్టి నిటారుగా పైకి లేపండి. ఏ రంగు వైరు ఏ రింగుకు ఉందో ఫొటోలో ఉండాలి. కార్డును పట్టి ఉంచిన స్క్రూ తీయగానే కార్డు ఒక కొస పైకి లేస్తుంది, ఆ వాలులోనే బయటికి లాగాలి. కొత్తదాన్ని అదే వాలులో పళ్లు కనిపించనంత లోపలికి నెట్టి, అదిమి, స్క్రూ బిగించాలి. వైర్లు పెట్టాక బ్యాటరీ కలిపి, మూత పూర్తిగా బిగించే ముందే ఒకసారి ఆన్ చేసి చూసుకోండి.

ఆన్ అయ్యాక సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, లింక్ స్పీడ్ అనే వరుసలు కనిపిస్తాయి. అక్కడ 5 గిగాహెర్ట్జ్ అని ఉంటే పని పూర్తయినట్లే. 80 మెగాహెర్ట్జ్ చానెల్‌లో రెండు యాంటెన్నాలతో వైఫై 6 లింక్ స్పీడు 1201 ఎంబీపీఎస్ దాకా, ఒక్క యాంటెన్నాతో దాదాపు 600 దాకా చూపవచ్చు. అది కార్డుకూ రౌటర్‌కూ మధ్య వేగం. మీ పీజీ వాళ్లు తీసుకున్న కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అయితే మీకు అందేది అందులో మీ వాటాయే. ఏఎక్స్210 పెట్టె మీద రాసి ఉండే 6 గిగాహెర్ట్జ్ వాడుకోవాలంటే రౌటర్ కూడా అది ఇవ్వాలి, ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉండాలి. విండోస్ 10లో ఆ పట్టీ రాదు. దాని కోసమని కొనకండి, 5 గిగాహెర్ట్జ్ కోసమని కొనండి.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పాత థింక్‌ప్యాడ్‌ను బాగు చేసి పిల్లలకు ఇద్దామని హాఫ్ మినీ రకం కొత్త వైఫై కార్డు వేశాను. ఆన్ చేస్తే 1802 అనే అంకెతో ఏదో సందేశం వచ్చి అక్కడే ఆగిపోతోంది. మదర్‌బోర్డు పోయిందా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు, కంగారు పడకండి. ఆపి, కార్డు తీసేసి ఆన్ చేస్తే యంత్రం ఎప్పటిలాగే లేస్తుంది. పాత థింక్‌ప్యాడ్‌లలో బయాస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రాం, తన జాబితాలో ఉన్న కార్డులను మాత్రమే అనుమతిస్తుంది. జాబితాలో లేని కార్డు కనిపిస్తే 1802 సందేశం చూపి ముందుకు కదలదు. పాత హెచ్‌పీ యంత్రాలలో కొన్నింటికీ ఇదే కట్టడి ఉంది, అక్కడ 104 అనే అంకె వస్తుంది. కొత్త నమూనాలలో ఈ అడ్డు చాలావరకు తొలగిపోయింది.

మీ నమూనాకు సంబంధించిన హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ థింక్‌ప్యాడ్ తయారీదారు లెనోవో వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో వైర్‌లెస్ కార్డుల పేర్ల పక్కన ఎఫ్ఆర్‌యూ అనే విడిభాగం సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య లేబుల్ మీద ఉన్న కార్డునే వెతికి కొనండి. చిప్పు పేరు ఒకటే అయినా ఎఫ్ఆర్‌యూ సంఖ్య లేని కార్డును బయాస్ తిరస్కరించవచ్చు. జాబితా తీసేసి మార్చిన బయాస్ వేసి ఇస్తామని చెప్పేవారు ఉంటారు. పిల్లల చదువుకు కావలసిన యంత్రానికి ఆ పని చేయించవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే బయాస్ రాసేటప్పుడు మధ్యలో తేడా వస్తే యంత్రం అసలు లేవకపోవచ్చు. జాబితాలోని కార్డు దొరక్కపోతే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టండి. ఈ కట్టడి లోపలి స్లాటుకే గాని యూఎస్‌బీకి లేదు.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఆఫీసు వారు ఇచ్చిన పల్చటి ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పని చేస్తున్నాను. మీటింగుల మధ్యలో వైఫై తెగిపోతోంది. కార్డు నా ఖర్చుతో మార్పించుకుంటే ఆఫీసు వారికి ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉంటుంది. ఆ యంత్రం మీది కాదు కనుక మూత తీయకుండా ఐటీ విభాగానికి చెప్పండి. వారంటీ సంగతి అటుంచితే, కార్డు మారితే మ్యాక్ అడ్రసు, అంటే నెట్‌వర్కు కార్డును గుర్తుపట్టే సంఖ్య, మారుతుంది. ఆఫీసు నెట్‌వర్కు పాత అడ్రసును మాత్రమే గుర్తు పెట్టుకుని ఉంటే మీరు ఆఫీసుకు వెళ్లిన రోజున లోపలికి రానివ్వదు. హార్డ్‌వేర్ మారిందని గుర్తించిన బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం), 48 అంకెల రికవరీ కీ అడిగి ఆగిపోయే అవకాశమూ ఉంది. సొంత ల్యాప్‌టాప్ తెరిచేవారు కూడా ఈ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసి, రాసి పెట్టుకోవాలి. పైగా పల్చటి నమూనాలలో చాలావాటికి వైఫై చిప్పును మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు. అటువంటి వాటిలో మార్చడానికి విడి కార్డే ఉండదు.

ఐటీ వారు చూసేలోగా మీటింగులు నడవాలంటే రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ తీసుకోవడం అన్నిటికంటే నమ్మకమైనది. అది కుదరకపోతే, యూఎస్‌బీ పరికరాలను ఆఫీసు అనుమతించే పక్షంలో, 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ అడాప్టర్ వాడవచ్చు. దాన్ని పోర్టులో నేరుగా గుచ్చకుండా ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మీటరు దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఇప్పుడు మీ వైఫై 2.4లో ఉండి, పక్కనే అలాంటి డిస్కు గానీ డాక్ (అదనపు పోర్టులిచ్చే పెట్టె) గానీ తగిలించి ఉంటే, మీటింగులు తెగిపోవడానికి అదే కారణం కావచ్చు. ఐటీ వారికి రాసే ముందు వాటిని ఊడదీసి ఒక రోజు పని చేసి చూడండి. తేడా కనిపిస్తే ఆ సంగతి కూడా వారికి రాయండి.